జపాను ముసలమ్మకు ఏ పాట పాడను

"పాట ఏదో త్వరగా తేల్చుకో సత్యశ్రీ, ఇంకో నలుగురి తరవాత నువ్వే" అని చెప్పి మాకు జపాను భాష నేర్పే లావణ్య మేడం తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. నేను తల ఊపాను. ఎలా ఊపానో నాకే తెలియదు. ఈ గదిలో ల్యాప్‌టాప్ ఉంది, చక్రాల మీద నల్లటి స్పీకరు డబ్బా ఉంది, దాని మీద మైకు ఉంది, గోడ మీద మంచుకొండ బొమ్మ ఉంది, కిటికీ కింద అబీద్ సెంటర్లో ఆటోవాళ్ళు మాకవరపాలెం, మాకవరపాలెం అని గొంతులు చించుకుంటున్నారు, అన్నీ నిన్నటిలాగే ఉన్నాయి, మా మామ్మ మాత్రం లేదు. మా మామ్మ అప్పయమ్మ, అమ్మని కన్న అమ్మ, చచ్చిపోయింది. ఇవాళ కాదు, నిన్న కాదు, పోయిన వారమే చచ్చిపోయింది. ఇవాళ పెద్దకార్యం. ఈపాటికి ఊళ్ళో గుండిగల్లో పప్పు ఉడుకుతూ ఉంటుంది. ఈ సంగతి నాకు తెలిసి పావుగంట కాలేదు. ఈ నర్సీపట్నానికీ రావికమతం పక్కనున్న మా ఊరికీ మధ్య ఉన్నది సముద్రం కాదు, కొత్తకోట మీదుగా గంట బస్సు దారి. ఆ గంట దారి దాటి ఒక్క మాట నా దాకా రాలేదు. రానివ్వలేదు. ఇప్పుడు నేను ఒక పాట తేల్చుకోవాలి. జపానులో ఎక్కడో ఉత్తరాన, వృద్ధాశ్రమంలో కూర్చున్న ముసలివాళ్ళకి నచ్చే పాట. అక్కడ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం కరోకే ఉంటుందట, చూసుకునేవాళ్ళు ముసలివాళ్ళతో కలిసి పాడాలట, అందుకని వీడియో ఇంటర్వ్యూలో ఒక్కో అమ్మాయి చేతా ఒక్కో పాట పాడిస్తారట. పాడాలట. నవ్వుతూ పాడాలట.

జపాను ఉద్యోగాలకి తయారుచేసే ఈ సెంటర్లో మా ఫోన్లు ఆఫీసు బీరువాలో ఉంటాయి, ఆదివారం ఒక అరగంట ఇస్తారు. ఇవాళ ఇంటర్వ్యూ కదా, యూట్యూబులో కరోకే ట్రాకులు పెట్టుకుని సాధన చేసుకోండని పొద్దున్నే ఇచ్చారు. వేలికి అలవాటు పోదు, పాట వెతకబోయి ముందు వాట్సాప్ తెరిచాను. మా మావయ్య కూతురు బేబి స్టేటస్. విరిగిన గుండె బొమ్మ, దాని కింద ఫ్లెక్సీ ఫోటో. మా మామ్మ ఆధార్ కార్డు ఫోటోని పెద్దది చేసి, వెనకాల మబ్బులు పెట్టి, తల చుట్టూ వెలుగు పెట్టి, శ్రద్ధాంజలి. మామ్మ ఆ ఫోటోలో ఎవరినో తిట్టబోతూ ఆగినట్టు ఉంటుంది, ఆధార్ వాడు కళ్ళు పెద్దవి చెయ్యమన్నాడని అప్పట్లో నిజంగానే తిట్టింది. కింద వరసగా పేర్లు. కొడుకు నాగేంద్ర అంటే మా మావయ్య, కూతురు సింహాద్రమ్మ అంటే మా అమ్మ, అల్లుడు, కోడలు. మనవరాళ్ళ వరసలో చివర నా పేరు. సత్యశ్రీ, పక్కన బ్రాకెట్లో జపాన్. ఆ అక్షరాలు చదువుతుంటే ముందు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది, కడుపులోంచి పుల్లగా. నేను జపానులో ఉన్నానట. మోటారు రిపేరు షాపు మేడ మీద, ఉదయం తిన్న ఉప్మా ఇంకా పంటి సందున ఉండగా, నేను జపానులో ఉన్నానట.

బేబికి ఫోన్ చేశాను. అది ఎత్తగానే వెనక గిన్నెల చప్పుడు. "అదేటే, నువ్వు జపాను ఎల్లిపోనావు కదేటి! ఈ నంబరు అక్కడ పన్జేస్తదా?" అంది. "అబీద్ సెంటర్లో ఉన్నానే" అన్నాను. అది గొంతు తగ్గించి, "మా నాన్న అందరికీ అలగే సెప్పాడే. గుంట ఇమానం ఎక్కీసినాది, రాలేదని సెప్పాడు. నాకూ అదే సెప్పాడు, నీ మీదొట్టు. మరి మీ మేడంగారితో మా నాన్న ఆ రోజే మాటాడాడు, నాను పక్కనే ఉన్నాను, పరీచ్చ అయీవరకూ సెప్పకండని, అది జపానులో పరీచ్చ అనుకున్నాను..." అంటూ ఉండగానే పెట్టేశాను. ఆ రోజే. అంటే మామ్మ ఇంకా చాప మీద ఉండగానే. అంటే లావణ్య మేడానికి వారం పైగా తెలుసు. అమ్మకి తెలుసు, మావయ్యకి తెలుసు, ఊరందరికీ తెలుసు, ఫ్లెక్సీ కొట్టినవాడికి కూడా తెలుసు. తెలియనిది ఒక్క నాకే. నా మంచి కోసమట. నా మంచి ఏమిటో నాకు తప్ప అందరికీ తెలుసు.

పాట. సరే, పాట. సెంటర్లో నేర్పినవి మూడు. మొదటిది రైలు దీపాల పాట. రాత్రి రైల్లో వెళ్తున్న పిల్లవాడు కిటికీలోంచి పల్లెటూళ్ళ దీపాలు ఒక్కొక్కటీ లెక్కపెడుతుంటాడు, అంతే పాట. చిన్న చిన్న మాటలు, ఎక్కడా తప్పు పోదు. మా సెంటరు నడిపే గోవింద్ సార్‌కి ఇదంటే ప్రాణం, "సేఫ్ సాంగమ్మా, అందరూ ఇదే పాడండి" అంటాడు. పదిమంది అమ్మాయిలూ ఇదే పాడితే ఆ ముసలివాళ్ళకి పిచ్చెక్కదా అని ఎవరూ అడగరు. ట్రాకు పెట్టాను. అక్షరాలు తెల్లగా ఉండి పాడాల్సిన చోట నీలంగా మారుతూ పోతున్నాయి. దీపం ఒకటి, దీపం రెండు. ఆ దీపాల్లో ఏదో ఒక ఇంట్లో శవం ఉండి ఉండదా, పిల్లవాడా, నీకు చెప్పకుండా? పోయిన ఆదివారం ఫోన్లో అమ్మ వెనక ఎంతమంది గొంతులు! కుర్చీలు లాగుతున్న చప్పుడు, ఎవరో దగ్గు. ఏమిటే అంత గోల అంటే, "పక్కింట్లో ఏదో పూజే" అంది. మామ్మకివ్వు ఫోను అన్నాను. "పడుకున్నాది, లేపమన్నావేటి?" అంది. తడబడలేదు. పడుకున్నాది. ఎంత నున్నగా అంది! నేను నమ్మాను. మామ్మ పగలు పడుకోదని నాకు తెలిసి కూడా నమ్మాను, జీడిపిక్కలు పగలగొట్టే మనిషి పగలెందుకు పడుకుంటుందని కూడా అనుకోలేదు. రైలు దీపాలు ఆపేశాను. ఇది పాడను. గోవింద్ సార్ సేఫ్ పాట గోవింద్ సారే పాడుకోనీ.

రెండోది రేవు పాట. మంచు కురిసే రేవులో ఒక మనిషి నిలబడి ఉంటుంది, ఆమె మొగుడు తెల్లారకుండానే, ఆమెని లేపకుండానే పడవెక్కి వెళ్ళిపోయాడు. చివర ఒక్కో మాటనీ వణికించాలి. గొంతులో నీళ్ళు ఉన్నట్టు ఉండాలి కానీ జారకూడదు. లావణ్య మేడం నాచేత ఆ వణుకు నెల పాటు సాధన చేయించింది. "నీ గొంతుకి ఇదే సరిపోతుంది సత్యశ్రీ, ఇది పాడితే వాళ్ళు ఏడుస్తారు, సెలెక్షన్ గ్యారంటీ" అంది. మైకులో పాడితే ల్యాప్‌టాప్‌లో కరోకే యాప్ మార్కులేస్తుంది, వణుకు సరిగ్గా పడితే అదనంగా వేస్తుంది. ఏడుపుకి మార్కులు. ఇప్పుడు పాడితే నూటికి నూరు వస్తుంది, ఎందుకు రాదు! లేపకుండా వెళ్ళిపోయావా అనే మాట దగ్గర సాధన అక్కర్లేదు నాకు ఇవాళ. నోరు తెరిస్తే చాలు. అప్పుడు గోవింద్ సార్ పక్కన నిలబడి చప్పట్లు కొడతాడు. చెప్పకపోవడమే మంచిదైంది చూశావా మేడం అంటాడు. లేదు, అలా కూడా అనడు, వాడికి గుర్తు కూడా ఉండదు. నా మామ్మ కోసం ఇంకా నేను ఒక్క చుక్క కూడా కార్చలేదు. అది తీసుకెళ్ళి యాప్‌లో పొయ్యనా? ఇవ్వను. ఇది మీకు ఇవ్వను. ఈ ఏడుపు నాది.

అన్నిటికంటే మండేది ఆ వాక్యం. ఇంటర్వ్యూలో చెప్పాల్సిన పరిచయం మేడమే రాసిచ్చింది. నాకు మామ్మ ఉంది. మంచాన పడితే నేను చూసుకున్నాను. అందుకే నాకు ముసలివాళ్ళంటే ఇష్టం. మొదటి వాక్యం చివర ఇమాసు అని వస్తుంది, అంటే ఉంది అని, ప్రాణమున్న మనుషులకి వాడే ఉంది. ఇమాసు అని సాగదీస్తే జపానువాళ్ళకి నవ్వొస్తుందట, చివరి 'సు' లోపల మింగెయ్యాలట. వారం నుంచి ఆ ఒక్క మాటా నాచేత ఎన్నిసార్లు అనిపించింది! ఉంది అను. ఉంది. మళ్ళీ అను. ఉంది. "మామ్మ మొహం గుర్తు తెచ్చుకుని నవ్వుతూ చెప్పు, సహజంగా వస్తుంది" అంది. అవతల మా మామ్మ కాలి బూడిదయింది, ఇవతల ఈవిడ నా నోట్లో ఉచ్చారణ దిద్దుతోంది. నాకు ముసలివాళ్ళంటే ఇష్టమేమీ లేదు మేడం. ఒక ముసలామె అంటే ఇష్టం. తుంటి విరిగి మంచాన పడినప్పుడు నేను నర్సింగు పాసై ఉద్యోగం వెతుక్కోకుండా, ఆమె లేచి కూర్చుని మళ్ళీ జీడిపిక్కలు పట్టేదాకా ఏడాది ఆమె దగ్గరే ఉన్నాను. ఒంటికి పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పుతుంటే, "నీ జిమ్మడ, నన్నేటి రొట్టె కాల్సినట్టు తిప్పతన్నావే" అని తిట్టేది. తిడుతూనే నా మెడ చుట్టూ చెయ్యి వేసేది. జీడి రసం పడి ఆ వేళ్ళ తోలు ఎప్పుడో ఊడిపోయింది, నున్నగా ఉండేవి, మెడ మీద చల్లగా తగిలేవి.

తలుపు తెరుచుకుంది. లావణ్య మేడం. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "తేల్చావా? రేవు పాటే కదా?" అంది. నేను ఆమె కళ్ళలోకి చూశాను. ఒక్క అవకాశం ఇద్దామనుకున్నాను, నిజంగా. "మేడం, మా మామ్మ వాక్యం ఒకసారి చెప్తాను, వినండి" అన్నాను. చెప్పాను. నాకు మామ్మ ఇమాసు. మేడం కళ్ళు నా మొహం మీంచి జారి ల్యాప్‌టాప్ మీదికి పోయాయి, అక్కడినుంచి మంచుకొండ మీదికి. "'సు' మింగెయ్" అంది. "మామూలుగా బాగానే అంటావు కదా. ఆ, అంతే. టెన్షన్ పడకు." వెళ్ళిపోయింది. నేను మైకు గట్టిగా పట్టుకున్నానని, వేళ్ళు నొప్పెడుతున్నాయని అప్పుడు తెలిసింది. ఒక్క క్షణం ఆ నల్ల డబ్బాని ఎత్తి కిటికీలోంచి కింద ఆటోల మీద పడెయ్యాలనిపించింది.

ఆ మూడూ కాక నాకొచ్చిన నాలుగోది ఈ గదిలో ఒప్పుకోరు. ఎనిమే పాట, అంటే జపాను బొమ్మల సినిమాలోది, వాన పడుతుంటే ఒక పిల్ల ఇళ్ళ కప్పుల మీద పరిగెడుతూ ఉంటుంది, మాటలు ఊపిరి తీసుకోనివ్వవు. అసలు జపాను భాష మీద నాకు మనసు పోయింది దాని వల్లే. మామ్మని తిప్పుతూ, గంజి తాగిస్తూ, ఫోన్లో అది పెట్టుకుని పాడేదాన్ని. మామ్మకి పాటలంటే గిట్టవు. టీవీలో పాటొస్తే సౌండు తగ్గించమనేది, పెళ్ళిలో మైకు పెడితే దుప్పటి కప్పుకునేది. "ఏటే ఆ బాస, కోడిని కోస్తున్నట్టున్నాది" అనేది. ఆ బాస నేర్చుకుని అక్కడి ముసలివాళ్ళని చూసుకోవడానికి వెళ్తానంటే అడ్డపొగ తాగుతూ వింది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని ఎలా మాట్లాడుతుందో నాకు చిన్నప్పటినుంచీ అంతుపట్టదు, పొగంతా మింగేశాక అంది, "ఆలికి సొంత మనవరాళ్ళు లేరేటి?" లేరేమో మామ్మా అన్నాను. "ఉంటారు. ఇంకో ఊర్లో ఇంకెవులి కాళ్ళో పిసుకుతుంటారు" అంది. అని, "సరే ఎల్లు. నా పీడ నీకూ ఒదుల్తాది" అంది. నేను నవ్వాను. ఒదిలింది మామ్మా. నాకు తెలియకుండానే ఒదిలింది. నీ మీద కూడా నాకు కోపంగానే ఉంది. ఊరంతా వినబడేలా తిట్టే మనిషివి, పోయేటప్పుడు గంట దూరం వినబడేలా ఒక్క అరుపు అరవలేకపోయావా.

ఈ పాట వాళ్ళకి తెలియదు, పాడితే లాభం లేదు. తెలియని పాట పాడి నేను ఓడిపోవడం ఎందుకు? నేను ఓడిపోదలుచుకోలేదు, అది కూడా నాకు తెలుసు, అదే నాకు ఇంకా మంట పుట్టిస్తోంది. ఇప్పుడే మెట్లు దిగి వెళ్ళిపోవచ్చు. ఎవరూ కట్టెయ్యలేదు. కానీ వెళ్ళిపోతే, చూశారా, చెప్తే వెళ్ళిపోతుందనే కదా చెప్పలేదు అంటారు, వాళ్ళ అబద్ధానికి నేనే సాక్ష్యం అవుతాను. వెళ్ళకపోతే, చూశారా, ఇంటర్వ్యూ అయ్యింది కదా అంటారు. ఎటు తిరిగినా వాళ్ళదే ఒప్పు. మిగిలింది మూడోది. ముల్లంగి పాట. ఎవరూ తీసుకోని పాట, ఎందుకంటే అందులో అందం లేదు. పొలంలో ముల్లంగి దుంపలు పీకుతూ పాడేది, ప్రతి చరణం చివరా యొయ్‌షో అని అరవాలి, బరువు ఎత్తేటప్పుడు వాళ్ళు అలా అనుకుంటారట, మంచం మీంచి మనిషిని లేపేటప్పుడు కూడా. ట్రాకు పెట్టాను. డోలు మోగింది. యొయ్‌షో. మావయ్యని పీకాను. యొయ్‌షో. గోవింద్ సార్‌ని మొదలంటా పీకాను. అమ్మ దగ్గర కాస్త ఆగాను, ఆగి, పీకాను. ఇదే. ఇది పాడతాను. దీనికి ఏడుపు అక్కర్లేదు.

ఆఫీసు గదిలో కుర్చీ, ఎదురుగా తెర. తెర మీద ముగ్గురు. మేనేజరు మొరిత గారు, ఒక నర్సు, వాళ్ళిద్దరి మధ్యలో చక్రాల కుర్చీలో ఒక ముసలామె, పేరు కియో సాన్, అంటే కియో గారు, అని చెప్పారు, పాటలు ఆవిడకే బాగా తెలుసట, అందుకని కూర్చోబెట్టారట. మా మామ్మలా ఉందని చెప్పను. ఏ మాత్రం లేదు. తెల్లగా, పిట్టంత ఉంది, మెడలో శుభ్రమైన రుమాలు. తెరలో కనబడకుండా నా కుడి పక్కన లావణ్య మేడం నిలబడింది, ఆవిడ వెనక గోవింద్ సార్. నమస్కారం చెప్పాను, పేరు, ఊరు, చదువు చెప్పాను. ఆ వాక్యం వచ్చింది. నాకు మామ్మ, అని ఆగాను. పక్కనుంచి మేడం పెదాలు కదులుతున్నాయి, ఇమాసు, ఇమాసు అని అందిస్తోంది. నేను ఇమాషిత అన్నాను. ఉండేది. మొరిత గారు ఏదో రాసుకున్నారు. గ్రామరు తప్పు అనుకున్నారేమో. "ఇమాసు" అని మేడం ఈసారి గుసగుసగా పైకే అంది, నన్ను దిద్దింది, అప్పుడు కూడా దిద్దింది.

పాట మొదలైంది. పాడాను అనను. అరిచాను. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు, నవ్వమన్నారు కనక పళ్ళు కూడా కనబడేలా పెట్టాను, కానీ ప్రతి యొయ్‌షో దగ్గరా బల్ల మీదున్న పెన్నుల గ్లాసు అదిరింది. కింద మోటారు షాపులో సుత్తి చప్పుడు కాసేపు ఆగిపోయింది. పాట అయ్యాక నా చెవుల్లో నా గొంతే గింగిర్లు తిరిగింది. మొరిత గారు చప్పట్లు కొట్టి, "చాలా ఉత్సాహంగా పాడారు" అన్నారు. నర్సు కూడా కొట్టింది. కియో సాన్ కొట్టలేదు. ముందుకి వంగింది, ఎంత వంగిందంటే తెర నిండా ఆవిడ మొహమే అయ్యింది.

"ఉత్సాహం కాదు. ఈ అమ్మాయికి కోపంగా ఉంది" అంది.

మొరిత గారు కంగారుగా నవ్వి ఆవిడ భుజం మీద చెయ్యి వేశారు. ఆవిడ ఆ చెయ్యి దులిపేసింది. "అవునా, కాదా?" అని నన్ను అడిగింది.

"అవును. కోపంగా ఉంది" అన్నాను. నేర్చుకున్న వాక్యం కాదు, అయినా తప్పు లేకుండా వచ్చింది.

"ఎవరి మీద?"

"మా మామ్మ చనిపోయింది. వీళ్ళు నాకు చెప్పలేదు."

వెనక గోవింద్ సార్, "మ్యూట్ నొక్కు, నెట్ పోయిందని చెప్పు" అన్నాడు. మేడం చెయ్యి కీబోర్డు మీదికి వచ్చింది. నేను ఆ చెయ్యి పట్టుకుని పక్కన పెట్టాను. కొట్టలేదు, పట్టుకుని పక్కన పెట్టాను, అంతే.

"దూరమా?" అంది కియో సాన్.

"గంట."

ఆవిడ నన్ను ఓదార్చలేదు. పాపం అనలేదు. చిరాకు పడింది. "గంటే అయితే ఇంకా పాడుతూ కూర్చున్నావేం? వెళ్ళు. త్వరగా వెళ్ళు" అంది, అని వెనక్కి వాలి, రుమాలు సర్దుకుని, ఇక నాతో పని లేనట్టు నర్సుని టీ అడిగింది. నేను లేచి నడుము వంచి నమస్కారం పెట్టాను. అది మాత్రం వాళ్ళు నేర్పినట్టే పెట్టాను.

మెట్ల మీద మేడం వెనకే పరిగెత్తుకొచ్చింది. "సత్యా, మీ మావయ్యగారు బతిమాలారమ్మా, నీ భవిష్యత్తు అన్నారు, నేనేం చెయ్యను చెప్పు?" అంది. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. నాకు జాలి వెయ్యలేదు. "చెప్పకపోవడం ఒకటి మేడం. చచ్చిపోయిన మనిషిని ఉందీ ఉందీ అని నాచేత నవ్వుతూ అనిపించారు చూశారా, అది మా మావయ్య బతిమాలలేదు. అది మీరే చేశారు" అన్నాను. ఆవిడ రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది. సెంటర్లో వడదెబ్బ తగిలేలా ఎండ. ఆర్టీసీ బస్సుల కాంప్లెక్సులో కొత్తకోట మీదుగా వెళ్ళే బస్సు కదలబోతూ ఉంది, మెట్టు మీద కాలు పెట్టేసరికి కదిలింది.

బస్సులో ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు. కిటికీ పక్కన చెరుకు తోటలు పోతున్నాయి, జీడితోటలు పోతున్నాయి, నేను మనసులో వాక్యాలు పేర్చుకుంటున్నాను, మావయ్యకి ఒకటి, అమ్మకి ఒకటి, ఇంటర్వ్యూకి పేర్చుకున్నట్టే, ఎక్కడ ఆగాలో ఎక్కడ గొంతు పెంచాలో చూసుకుంటూ. కొత్తకోట దాటాక మేడం ఫోను. ఎత్తాను. "వాళ్ళు వద్దనలేదు సత్యశ్రీ. సోమవారం నీ ఒక్కదానితో ఇంకోసారి మాట్లాడతారట. పాట అక్కర్లేదట" అంది. సరే మేడం అన్నాను. సంతోషం వేసిందా అంటే, వేసింది. మామ్మ పెద్దకార్యానికి వెళ్తూ సంతోషం వేసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. దాంతో కోపం ఇంకొంచెం పెరిగింది.

వీధిలో షామియానా. భోజనాల బంతులు లేస్తున్నాయి, ఎంగిలి విస్తళ్ళు తీస్తున్నారు. అరుగు మీద పక్కింటి జోగులమ్మ నన్ను చూసి నోరు తెరిచి, "ఇమానం ఇంత బేగి వొచ్చీసిందేటి గుంటా!" అంది. ఎవరో నవ్వారు, ఎవరో నవ్వినవాళ్ళని ఊరుకోమన్నారు. మావయ్య భుజాన తువ్వాలుతో ఎదురొచ్చాడు. "అమ్మా, నీ బాగు కోసమే..." అన్నాడు. నేను పేర్చుకొచ్చిన వాక్యం ఒక్కటి కూడా రాలేదు. "నేను అబీద్ సెంటర్లో ఉన్నాను మావయ్యా" అన్నాను, అందరికీ వినబడేలా. "ఎక్కడికీ వెళ్ళలేదు. అబీద్ సెంటర్లోనే ఉన్నాను." మావయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎవరినో పిలుస్తున్నట్టు పక్కకి తిరిగాడు. నేను ఆయన్ని దాటి లోపలికి పోయాను. మామ్మ మంచం లేదు. మంచం ఉన్నచోట గచ్చు కడిగి ముగ్గు వేసేశారు.

అమ్మ పెరట్లో తొట్టి దగ్గర గిన్నెలు తోముతోంది. నన్ను చూసి చేతిలో పీచు అలాగే పట్టుకుని లేచి నిలబడింది. చిక్కిపోయింది. "ఇంటరూ అయిపోనాదేటి?" అంది. పలకరింపు అది. ఆ ఒక్క మాటతో బస్సులో అణిచి పెట్టుకున్నదంతా ఒక్కసారిగా పైకి వచ్చేసింది.

"పడుకున్నాదన్నావు! నేను ఫోన్లో అడిగితే పడుకున్నాదన్నావు. ఎలా వచ్చిందే నీకు నోరు?"

"నువ్వొస్తే మరెల్లవని బయమేసినాదే. మీ మామ్మ మంచం చూస్తే నువ్వు ఎల్లవు. నాకు తెలీదేటి నీ సంగతి."

"వెళ్తానో వెళ్ళనో నేను చూసుకునేదాన్ని కదా. సరే, నేను జపాను వెళ్ళిపోయాననుకో. ఇక్కడ నువ్వు పోయావనుకో. నాకెవరు చెప్తారే? మావయ్య చెప్తాడా? మేడం చెప్తుందా? నువ్వు పడుకున్నావని చెప్తారు. ఏళ్ళ తరబడి పడుకునే ఉన్నావని చెప్తారు. నేను ఎవరి మాట నమ్మాలి?"

అమ్మ పీచు గిన్నెలో పడేసి తొట్టి అంచు మీద కూర్చుంది. షామియానాలో ఎవరో పప్పు, పప్పు ఇటు అని అరుస్తున్నారు. నా వైపు చూడకుండా, తడి చేతుల వైపు చూసుకుంటూ అంది.

"నాకు మాత్రం ఎవుడు సెప్పాడే?"

నాకు అర్థం కాలేదు.

"నాను జీడిపప్పు ఫ్యాట్రీలో ఉన్నాను ఆ రోజు. పొద్దున్నే పోనాది మా అమ్మ. మీ మావ అప్పుడే ఆపీసుకి పోను సేసి సెప్పాడు. మా పోన్లు గేటుకాడ పెట్టీసుకుంటారు కదా. సూపరైజరు సెప్పలేదు. సాయంత్రం షిప్టు అయినాక, సేతులు కడుక్కుంటుంటే వొచ్చి సెప్పాడు. అంతసేపూ నాను జీడిపిక్కలు కోస్తానే ఉన్నాను. పక్కదానితో నవ్వుతానే ఉన్నాను."

"అడగలేదా?"

"అడిగాను. సెప్తే మెసిను ఒగ్గీసి ఎల్లిపోతావు కదమ్మా అన్నాడు." అమ్మ ముక్కు చీదింది. "ఎల్లిపోయీదాన్నే. మీ మావ నీ గురించి అదే మాట అన్నాడు. నిజమే కదా, మరి అలగే సేస్తారు కాబోలు అనుకున్నాను."

నేను ఆమె పక్కన తొట్టి అంచు మీద కూర్చున్నాను. ఆమె మీద కోపం పోలేదు. పోతుందని కూడా అనుకోను. కానీ అది ఒక్క ఆమె మీదే ఆగకుండా ఎక్కడికో పోతోంది, చోటు వెతుక్కుంటోంది. అమ్మ ఏడవలేదు. నేనూ ఏడవలేదు.

"ఆ సూపర్‌వైజర్ పేరేంటి?" అన్నాను.

"ఎందుకే?"

"పేరు చెప్పు."

చెప్పింది.

"రేపు నువ్వు పనికి వెళ్ళేటప్పుడు నేనూ వస్తాను."

"ఏటి సేస్తావే వొచ్చి?"

"అడుగుతాను."

వద్దంటుందనుకున్నాను. మావయ్యని పిలుస్తుందనుకున్నాను. అమ్మ పీచు తీసుకుని గిన్నె ఒళ్ళోకి లాక్కుంది, రెండుసార్లు గట్టిగా రుద్దింది.

"ఎనిమిదికి గేటు మూసీస్తారు. బేగి లెగాల" అంది.